కేకు కోశాక.. కాసేపు కూర్చోండి!

శుక్రవారం అర్ధరాత్రి దాటాక సాఫ్ట్‌వేర్ 'లైవ్'లోకి వెళ్తుంది. క్లయింటు నుంచి 'గ్రేట్ జాబ్' అంటూ రెండు ముక్కల మెయిల్ వస్తుంది. సోమవారం కాన్ఫరెన్స్ గదిలో కేకు, సమోసాలు, ఒక గ్రూపు ఫొటో. మంగళవారానికి ఆ గది ఖాళీ. ఒకరు ఇంకో ప్రాజెక్టుకి, ఒకరు బెంగళూరుకి, ఇద్దరు 'బెంచి' మీదకి. ఎనిమిది నెలలపాటు ఇంటిల్లిపాదీ చూసిన అవస్థ.. రాత్రి పదింటి కాల్స్, చల్లారిపోయిన అన్నం, రద్దయిన తిరుపతి ప్రయాణం.. అన్నీ అక్కడితో సరి. పని ఎందుకు ఆలస్యమైంది, ఎక్కడ బెడిసికొట్టింది, ఏది అనుకోకుండా కలిసొచ్చింది అనే సంగతులు ఆ పన్నెండు మంది బుర్రల్లో తలా ఒక ముక్కగా ఉండిపోతాయి. ముక్కలన్నీ ఒకచోట చేరవు. తర్వాతి ప్రాజెక్టులో మళ్లీ అదే రాత్రి కాల్, అదే చల్లారిన అన్నం.

దీన్ని తప్పించడానికి ఆ రంగంలోనే ఒక పద్ధతి ఉంది. పేరు రెట్రోస్పెక్టివ్. పిల్లలు ముద్దుగా 'రెట్రో' అంటారు. 'అమ్మా, నాకు రెట్రో ఉంది, గంటసేపు పిలవకు' అని గది తలుపేసుకుంటే, పాత సినిమా పాటలు వింటున్నాడు కాబోలు అనుకునే తల్లులూ ఉన్నారు! తెలుగులో ఇందుకు చక్కని మాట ఉంది.. సింహావలోకనం. సింహం నడుస్తూ నడుస్తూ ఆగి, వచ్చిన దారిని ఒకసారి తలతిప్పి చూస్తుందట. ఎవరో తరుముకొస్తున్నారన్న భయంతో కాదు, ముందుకు వెళ్లడానికే. పనిచేసిన వాళ్లంతా ఒకచోట కూర్చుని 'ఏమనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మారుద్దాం' అని మాట్లాడుకోవడమే రెట్రో. సాఫ్ట్‌వేర్ వాళ్లు కనిపెట్టిందేం కాదిది. 1970ల నుంచి అమెరికా సైన్యం ప్రతి శిక్షణ యుద్ధం తర్వాతా సిపాయి నుంచి అధికారి దాకా అందర్నీ కూర్చోబెట్టి దాదాపు ఇవే ప్రశ్నలు వేస్తోంది.

ఆ మాటకొస్తే మన ఇళ్లలోనూ ఉంది. పెళ్లి అయిపోయి, పందిరి విప్పేసి, బంధువుల్లో సగం మంది వెళ్లిపోయాక మిగిలినవాళ్లు చాపలు పరుచుకుని కూర్చుంటారు చూడండి. 'రెండో పంక్తికే అప్పడాలు అయిపోతే నాకొక మాట చెప్పొద్దూ?' అంటాడు మావయ్య. 'మీరు వీడియో వాడి దగ్గర ఉన్నారుగా అన్నయ్యా, ఎక్కడని వెతకం?' అంటుంది పిన్ని. 'అసలు లెక్క రాసింది ఎవరు?' అని మూలనుంచి ఇంకో గొంతు. అందరి కళ్లూ బాబాయి మీదకి తిరుగుతాయి. పాపం ఆయన లెక్క సరిగానే రాశాడు. ఆఖరి నిమిషంలో మగపెళ్లివారు ఇంకో బస్సు వేసుకొచ్చిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ సంగతి బయటికొచ్చేలోపే ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మనవరాలి పెళ్లికీ అప్పడాలు తక్కువే అవుతాయి. ఎందుకంటే ఆ రాత్రి తేలింది 'బాబాయి అజాగ్రత్త మనిషి' అన్నదొక్కటే. బస్సు సంగతి తేలనే లేదు.

ఆఫీసుల్లో జరిగే సమీక్షల్లో చాలావాటి గతి కూడా ఇదే. అమెరికాలో నార్మన్ కెర్త్ అనే ఆయన ఈ పద్ధతి మీద 2001లో 'ప్రాజెక్ట్ రెట్రోస్పెక్టివ్స్' అని ఒక పుస్తకం రాశాడు. అందులో సమావేశం మొదలుపెట్టడానికి ముందు అందరూ ఒప్పుకోవాల్సిన నియమం ఒకటి పెట్టాడు. మనకి ఇవాళ ఏ విషయం తెలియవచ్చినా సరే, అప్పుడు తెలిసినంతలో, చేతనైనంతలో, చేతిలో ఉన్న వనరులతో, ఆనాటి పరిస్థితుల్లో ప్రతి ఒక్కరూ తమకు సాధ్యమైనంత బాగానే చేశారని నమ్మి కూర్చోవాలి.. అదీ దాని సారాంశం. వినగానే చాలామంది పెదవి విరుస్తారు. 'అంటే పనిదొంగని కూడా వెనకేసుకు రావాలా?' అని. అక్కర్లేదు. పనిదొంగ సంగతి చూడటానికి వేరే దారులున్నాయి, వేరే గదులున్నాయి. ఈ గదిలో వెతుకుతున్నది దొంగని కాదు, ఆ బస్సుని.

ఈ నియమం వెనక మంచితనం ఒక్కటే లేదు, మనస్తత్వ శాస్త్రమూ ఉంది. 1975లో బారూక్ ఫిషాఫ్ అనే పరిశోధకుడు కొందరికి 1814 నాటి బ్రిటిష్-గూర్ఖా యుద్ధం గురించి చదవమని ఇచ్చాడు. ఒక గుంపుకి ఫలానావాళ్లు గెలిచారని చెప్పాడు. ఇంకో గుంపుకి వాళ్లు కాదు వీళ్లు గెలిచారని చెప్పాడు. మరో గుంపుకి అసలు ఫలితమే చెప్పలేదు. ఫలితం చెప్పినవాళ్లలో ఎవరికి ఏది చెప్పారో వాళ్లకి అదే సహజంగా తోచింది. పైగా చెప్పకపోయినా అలాగే ఊహించి ఉండేవాళ్లమన్న ధీమా ఒకటి! జరిగిపోయాక చెప్పే జోస్యం ఎప్పుడూ తప్పదు మరి. 'ఆ సర్వరు కూలిపోతుందని నాకు ముందే తెలుసు' అనే పెద్దమనిషి ప్రతి టీమ్‌లోనూ ఒకడుంటాడు. ఆ ముందు రోజు ఆయన పంపిన మెయిల్స్ తీసి చూస్తే ఆ మాట ఒక్కదాంట్లోనూ కనిపించదు. అందుకే మంచి రెట్రోలో మొదట అభిప్రాయాలు అడగరు. గోడ మీద పొడవాటి కాగితం అతికించి, నెలలూ తేదీలూ గీసి, ఎప్పుడు ఏం జరిగిందో ఎవరికి గుర్తున్నది వాళ్లు చీటీల మీద రాసి అంటించమంటారు. మార్చి 12న క్లయింటు మాట మార్చాడు. ఏప్రిల్‌లో ఇద్దరు మానేశారు. మేలో టెస్టింగ్‌కి పది రోజులనుకుంటే నాలుగే మిగిలాయి. గోడ నిండేసరికి, 'టెస్టింగ్ వాళ్లు సరిగా చూడలేదు' అందామని వచ్చినవాడి గొంతు దానంతటదే తగ్గుతుంది.

ఇలాంటి సమీక్ష ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి గిట్‌ల్యాబ్ కథ ఒకటి చాలు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తమ ప్రోగ్రాములు దాచుకునే సంస్థ అది. 2017 జనవరి 31 రాత్రి వాళ్ల డేటాబేస్ మొరాయించింది. ఒక ఇంజినీరు అప్పటికే పొద్దుపోయిందని పని ముగించి లేవబోతున్నాడు. సమస్య రావడంతో ఉండిపోయాడు. అసలు డేటాబేస్, దానికి నకలు.. రెండు కంప్యూటర్ల తెరలూ ఒకేలా ఉంటాయి. నకలు దాంట్లో చెత్త తీసేస్తున్నాననుకుని అసలుదాంట్లో తుడిచేయమని ఆదేశం ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నరే!

ఇక్కడితో ఆపితే కథ చిన్నది. 'ఫలానావాడు తుడిచేశాడు, వాణ్ని తీసేశాం.' కానీ వాళ్లు అలా ఆపలేదు. బ్యాకప్ ఉండాలి కదా, ఏమైందని అడిగారు. రోజూ జరగాల్సిన బ్యాకప్ ఎన్నాళ్లుగానో జరగడం లేదు. ఆ పని చేసే ప్రోగ్రాము వెర్షను డేటాబేస్ వెర్షనుతో కలవక విఫలమవుతోంది. విఫలమైనప్పుడు హెచ్చరిక మెయిల్ రావాలి కదా? వస్తోంది, కానీ ఆ మెయిళ్లలో సరైన గుర్తింపు లేక మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. మరి డిస్కుకి ఫొటో తీసినట్టు మొత్తం నకలు తీసే సదుపాయం? దాన్ని డేటాబేస్ కంప్యూటర్లకి ఆన్ చేయనే లేదు. ఇలా అయిదు రకాల రక్షణలు పెట్టుకుంటే ఒక్కటీ సమయానికి ఆదుకోలేదు. చివరికి కాపాడింది ఏమిటో తెలుసా? ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిపెట్టుకున్న ఒక నకలు. అది తీసింది ఎవరో కాదు, తుడిచేసిన ఆ ఇంజినీరే! వాణ్ని తీసేసి చేతులు దులుపుకుంటే ఆ అయిదు చిల్లులూ అలాగే ఉండేవి. ఇంకో రాత్రి, ఇంకో ఇంజినీరు.. అంతే తేడా. ఆ సంస్థ డేటాను తిరిగి రప్పించే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఆరు గంటల డేటా పోయిందని ఒప్పుకుంది. ఎక్కడెక్కడ ఏ తప్పు ఉందో రాసి అందరికీ బయటపెట్టింది. అందులో ఆ ఇంజినీరు పేరు లేదు.

గెలిచిన ప్రాజెక్టుకి ఈ తతంగం ఎందుకని కొందరి వాదన. నన్నడిగితే దానికే ఎక్కువ అవసరం. యూరప్‌వాళ్ల ఏరియన్-5 రాకెట్టు 1996 జూన్ 4న తొలిసారి ఎగిరి నలభై సెకన్లయినా కాకముందే పేలిపోయింది. దిశ చెప్పే కంప్యూటర్‌లోని ప్రోగ్రాము ఒక పెద్ద అంకెను చిన్న గడిలో ఇరికించబోయి ఆగిపోయింది. దానికి తోడుగా ఇంకో కంప్యూటర్ ఉంది కానీ అందులోనూ అదే ప్రోగ్రాము. అదీ అలాగే ఆగింది. ఆ ముక్క ఎక్కడిదంటే.. అప్పటికి చక్కగా ఎగురుతున్న ఏరియన్-4లోది. అందులో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి అలాగే తెచ్చి పెట్టారు. కొత్త రాకెట్టు పక్కకి వెళ్లే వేగం ఎక్కువ, పాత అంకెల గడి దానికి చాల్లేదు. ఇంకా విచిత్రం, ఎగిరాక ఏరియన్-5కి ఆ లెక్కతో పనే లేదు! పాత రాకెట్టు అవసరం కోసం పెట్టిన పని అది. ఏరియన్-4 'ఎందుకు' సరిగా పనిచేస్తోంది, ఏ హద్దుల మధ్య పనిచేస్తోంది అన్న ప్రశ్నని కొత్త రాకెట్టు ముందు పెట్టి ఎవరూ అడగలేదు. దర్యాప్తు కమిటీ నెలన్నరలో నివేదిక ఇచ్చింది. ఒక్క మనిషి మీద వేలు చూపలేదు. జపాన్‌లో టయోటా కంపెనీ వాళ్లయితే పని బ్రహ్మాండంగా జరిగినా 'హన్‌సెయ్' అని ఆత్మవిమర్శకి కూర్చుంటారు. మనవాళ్లలో అది కనిపిస్తే 'శుభమా అని ఉంటే ఈ ఏడుపేంటి' అంటాం.

ఇక మన హైదరాబాద్ ఆఫీసుల సంగతి. రెట్రో లేని కంపెనీ ఇప్పుడు దాదాపు లేదు. 2001లో అమెరికాలోని యూటాలో పదిహేడు మంది కూర్చుని 'ఎజైల్' పద్ధతికి రాసుకున్న సూత్రాల్లో ఆఖరిది ఇదే.. టీమ్ అప్పుడప్పుడు ఆగి తన పనితీరు చూసుకుని దిద్దుకోవాలని. దాంతో ప్రాజెక్టు అయ్యాక ఒకసారి కూర్చోవడం పోయి, రెండు మూడు వారాలకోసారి కూర్చోవడం వచ్చింది. మంచిదే. కానీ జరుగుతున్న తీరు చూస్తే చాలాచోట్ల అది తంతు. కెమెరాలు ఆపేసిన వీడియో కాల్. తెర మీద మూడు గడులు.. బాగున్నవి, బాగాలేనివి, చేయాల్సినవి. బాగున్నవాటిలో 'టీమ్ వర్క్' అని తొమ్మిది మంది రాస్తారు. బాగాలేనివాటిలో 'కమ్యూనికేషన్ ఇంకా మెరుగవ్వాలి' అని ఒకరు రాస్తారు. ఎవరి కమ్యూనికేషనో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఎందుకంటే కాల్‌లో మేనేజరుగారు ఉన్నారు. వచ్చే నెలలో అప్రైజల్ ఉంది.

అసలు చిక్కు అక్కడే. శుక్రవారం సాయంత్రం క్లయింటు అడిగిన మార్పుకి 'సోమవారానికి ఇచ్చేస్తాం' అని మాటిచ్చింది మేనేజరే అనుకోండి. ఆ శనాదివారాలు పడుకోకుండా రాసిన కోడ్‌లోనే పెద్ద తప్పు దొర్లింది. ఈ మాట అనాల్సింది ఉద్యోగంలో చేరి ఏడాది కాని అమ్మాయి. అంటే ఏమవుతుందో ఆ అమ్మాయికి తెలియదు. అనకపోతే ఏమీ కాదని మాత్రం బాగా తెలుసు. బళ్లో 'సార్' ముందు నోరెత్తొద్దని, ఇంట్లో పెద్దలకి ఎదురు చెప్పొద్దని నేర్పి పెంచింది మనమే. ఇప్పుడు ఒక్కసారిగా 'మనసు విప్పి మాట్లాడమ్మా' అంటే ఎక్కడినుంచి వస్తుంది మాట? కెర్త్ దీనికో ఉపాయం చెప్పాడు. మొదట్లోనే అందరికీ చీటీలిచ్చి, ఇక్కడ నిజం చెప్పడానికి ఎంత ధైర్యంగా ఉందో అంకె వేయమంటారు. పేరు రాయక్కర్లేదు. అంకెలు తక్కువ వస్తే ముందు ఆ సంగతి తేల్చాలి, మిగతాదంతా తర్వాత. సమావేశం నడిపేది కూడా ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని మనిషి అయితే మేలు. మేనేజరు తానే నడిపి, తానే చివరిమాట చెప్పే రెట్రోకి రెట్రో అని పేరెందుకు, మీటింగ్ అంటే సరిపోతుంది.

నిజం చెప్పే చోటికీ చెప్పని చోటికీ తేడా ఎంతో అమెరికాలో అమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రుల్లో చూసింది. మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద 1996లో అచ్చయిన పరిశోధన అది. మంచి టీమ్‌లున్న వార్డుల్లో తప్పులు తక్కువుంటాయనుకుని మొదలుపెట్టింది. లెక్కలు తిరగబడ్డాయి. నర్సులు కలిసిమెలిసి ఉండే వార్డుల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి! తీరా లోతుగా చూస్తే అక్కడ చెప్పుకోగలుగుతున్నారు, పట్టుకోగలుగుతున్నారు. మిగతాచోట్ల దాచేస్తున్నారు. మనవాడు రోగిగా ఏ వార్డులో ఉండాలని కోరుకుంటామో చెప్పనక్కర్లేదు.

పై వాళ్లు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మన శ్రీహరికోట చాలు. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. మిషన్ డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. తన టీమ్ మీద నమ్మకం ఉందన్నారు. గది లోపల మాత్రం సమీక్ష ఎక్కడా మెత్తబడలేదు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాడే ఆమ్లం కారిపోవడం దగ్గరికి వెళ్లి ఆగింది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు విలేకరుల దగ్గరికి కలాంనే పంపించారు ధావన్. ఈ కథను కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. మనం దాన్ని ధావన్ పెద్దమనసు కథగా చెప్పుకుంటాం. అది నిజమే. కానీ పనితీరు లెక్కన చూసినా అది తెలివైన పనే. తల తీసేయరన్న భరోసా ఉంటేనే ఎవరైనా 'ఆ వాల్వు దగ్గర నాకు అనుమానంగా ఉండింది' అంటారు.

చివరగా ఒక పిసినారి సలహా. రెట్రోలో ఇరవై తీర్మానాలు చేయకండి. ఒకటి, మహా అయితే రెండు. ఎవరు చేస్తారో పేరు, ఎప్పటికి చేస్తారో తేదీ. తర్వాతిసారి కూర్చున్నప్పుడు మొట్టమొదట అడగాల్సింది 'పోయినసారి అనుకున్నది అయిందా?' అని. ఈ ప్రశ్న లేని రెట్రోలకి జనం ఆర్నెల్లలో రావడం మానేస్తారు. వచ్చినా మ్యూట్‌లో ఉండి వేరే పని చేసుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేం. రాసిన చీటీలు చెత్తబుట్టలోకే పోతున్నాయని తెలిశాక ఎవరు రాస్తారు?

చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రుడి మీద కూలిపోయింది. ఆ రాత్రి టీవీల ముందు మేలుకున్న ఇళ్లెన్నో. అయిదు ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ బలం ఇచ్చాయని, దాంతో వచ్చిన తేడాలు పేరుకుపోయాయని, వాటిని దిద్దుకునేంత వేగంగా ల్యాండర్ తిరగలేకపోయిందని, దిగడానికి ఎంచుకున్న చోటు కూడా మరీ చిన్నదని ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ 2023లో వివరంగా చెప్పారు. చంద్రయాన్-3కి చేసిన మార్పులు ఆ జాబితా పక్కన పెట్టి చూసుకోండి. 500 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోటుకి బదులు నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు. కాళ్లు గట్టివి. ఇంధనం ఎక్కువ. మధ్యలో ఉన్న అయిదో ఇంజిన్ తీసేశారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఆ నాలుగు ఇంజిన్ల ల్యాండరే దిగింది.